అన్న కనిపించడం లేదు, బీరువాలో దొరికిన కాగితం గురించి పోలీసులకు చెప్పాలా?

చెల్లి_16 (సోమవారం, రాత్రి 11:48)

అందరికీ నమస్తే. నాకు 16 ఏళ్ళు, ఇంటర్ ఫస్టియర్. మాది పశ్చిమ గోదావరి. అన్నకి 17. హాస్టల్లో ఉండి సెకండియర్ చదువుతున్నాడు. దసరా సెలవులయ్యాక ఇంటి దగ్గర బస్సెక్కాడు, హాస్టల్‌కి చేరలేదు. ఫోన్ స్విచాఫ్. నాన్న స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చారు. "చదువు ఒత్తిడి వల్ల వెళ్ళిపోయి ఉంటాడు" అని రాయించారు.

ఎస్సై గారు ఫోటో, ఆధార్ జిరాక్సు అడిగారని నేను బీరువా వెతికాను. కింది అరలో, అమ్మ పెళ్ళి చీర అడుగున స్టాంపు కాగితాలు దొరికాయి. పైన "దత్తత పత్రము" అని ఉంది. 2008 నాటిది. ఇచ్చినది మా పిన్ని, అంటే అమ్మ చెల్లెలు. తీసుకున్నది అమ్మానాన్న. పిల్లవాడి పుట్టిన తేదీ అన్నది. పిన్ని జ్వరం వచ్చి ఎప్పుడో చనిపోయిందని మాకు చిన్నప్పటినుంచీ చెప్పారు. ఫోటో కూడా లేదు.

ఇంకో సంగతి. ఆ కాగితాల మూలన పాత పిన్ను తుప్పు మరక ఉంది. కానీ ఇప్పుడున్న పిన్ను కొత్తది, మెరుస్తోంది.

అమ్మకి చూపించాను. మొహం పాలిపోయింది. "ఎవరికీ చెప్పకు, నాన్నకి కూడా నీకు తెలిసినట్టు చెప్పకు, పోలీసులకి అసలే వద్దు" అంది. నాకు నిద్ర పట్టట్లేదు. చెప్పాలా వద్దా?

భీమవరం_పెద్దాయన (మంగళవారం, ఉదయం 5:20)

అమ్మాయ్, ఇంటి గుట్టు లంకకు చేటు అన్నారు. నీ వయసు పిల్లలు ఇలాంటివి ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య పెట్టకూడదు. అబ్బాయి డబ్బులు అయిపోతే తనే వస్తాడు. మా రోజుల్లో సినిమా పిచ్చితో మద్రాసు రైలెక్కి వారంలో తిరిగొచ్చిన వాళ్ళు వీధికొకరు ఉండేవారు.

గోదారిగట్టు (మంగళవారం, ఉదయం 6:05)

లంక చెడింది గుట్టు బయటపడి కాదండీ, సీతమ్మను ఎత్తుకొచ్చినందుకు. పొద్దున్నే చిన్నపిల్లను భయపెట్టకండి.

రిటైర్డ్_హెచ్‌సీ (మంగళవారం, ఉదయం 6:40)

పాపా, నేను పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాను. ముందు ఒక ప్రశ్న. మీ నాన్నగారి చేతికి ఎఫ్‌ఐఆర్ కాపీ ఇచ్చారా, లేక కాగితం తీసుకుని "చూస్తాం, వెళ్ళండి" అన్నారా? 18 నిండని పిల్లలు కనిపించకపోతే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలి. ఎత్తుకుపోయారనో, అమ్మేశారనో అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మేలో చెప్పింది. 24 గంటలు ఆగి రండి అనే మాట చెల్లదు. బస్సెక్కింది ఒక ఊరు, దిగాల్సింది ఇంకో ఊరు కాబట్టి "మా పరిధి కాదు" అనే వంకా చెల్లదు. జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి, ఆ పరిధి ఉన్న స్టేషన్‌కి పంపాల్సిందే.

ఇక పిన్ను సంగతి. జిరాక్సు తీయడానికే పిన్ను ఊడదీస్తారు. తీసినవాడు మళ్ళీ కొత్తది కొట్టి పెట్టాడు. అది మీ అన్నే అయితే, ఎక్కడికి వెళ్ళాడన్నది ఆ పత్రంలోనే ఉంది. చదువు ఒత్తిడి అని రాస్తే మావాళ్ళు హాస్టల్ స్నేహితులను, సినిమా హాళ్ళను, బీచ్‌ను వెతుకుతారు. ఆ పత్రం ఇస్తే వేరే ఊళ్ళు వెతుకుతారు. తేడా అంతే, కానీ చాలా పెద్ద తేడా.

పత్రంలో కన్నతండ్రి పేరు, ఇంటిపేరు ఉంటాయి. అవి తప్పకుండా చెప్పించు. పారిపోయిన పిల్లలు పట్టుబడితే సొంత పేరు చెప్పరు. నేను చూసిన వాళ్ళలో చాలామంది తెలిసిన ఇంకో పేరేదో చెప్పినవాళ్ళే.

అనుమానప్పక్షి (మంగళవారం, ఉదయం 8:15)

వెబ్ సిరీస్ కథలా ఉంది. పెళ్ళి చీర కింద పత్రం, మెరిసే పిన్ను. ఎవరో రచయిత్రి మన మీద ప్రయోగం చేస్తున్నట్టుంది.

నిర్వాహకురాలు (మంగళవారం, ఉదయం 8:30)

అనుమానప్పక్షి గారూ, నమ్మకపోతే చదవకండి, సరిపోతుంది. చెల్లీ, నీ మొదటి పోస్టులో ఊరి పేరు, కాలేజీ పేరు తీసేశాను. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం రక్షణ అవసరమైన పిల్లల పేరు, స్కూలు, చిరునామా బయటపెట్టకూడదు. సభ్యులెవరూ ఆ అమ్మాయికి ప్రైవేటు మెసేజ్ పెట్టొద్దు. ఫోన్ నంబరు అడిగితే ఐడీ తీసేస్తాను.

నల్లకోటు (మంగళవారం, ఉదయం 10:10)

నేను లాయర్ని. చెల్లీ, మీ అమ్మగారి భయం నాకు అర్థమైంది. ఆ కాగితం బయటికొస్తే ఎవరో వచ్చి అబ్బాయిని లాక్కుపోతారనో, తమ మీద కేసు పెడతారనో అనుకుంటున్నట్టున్నారు. రెండూ జరగవు. హిందూ దత్తత చట్టం 1956 నాటిది. తండ్రి పోతే బిడ్డను దత్తత ఇచ్చే హక్కు తల్లికి ఉంది. నిజంగా ఇచ్చి పుచ్చుకోవడం జరగాలి. రిజిస్టరైన పత్రం ఉంటే, కాదని ఎవరైనా రుజువు చేసేదాకా అది చట్టప్రకారమే జరిగిందని కోర్టు అనుకుంటుంది. ఒకసారి జరిగిన దత్తతను రద్దు చేసుకోవడానికి కన్నవాళ్ళకీ పెంచినవాళ్ళకీ కూడా వీల్లేదు. పిల్లవాడు కూడా దాన్ని కాదని పాత ఇంటికి కొడుకుగా వెళ్ళలేడు. ఈ ముక్క అమ్మకి చదివి వినిపించు.

మీ అన్నకి చట్టంలో నీకున్నంత హక్కూ ఉంది. ఆ ఇంట్లో ఎవరైనా ఆస్తి విషయంలో వాడితో ఏదైనా అన్నారా? ఈ మధ్య చుట్టాల ఇళ్ళలో శుభకార్యాలేమైనా అయ్యాయా? అక్కడే నోళ్ళు జారతాయి.

రెండిళ్ళవాడు (మంగళవారం, మధ్యాహ్నం 1:35)

చెల్లెమ్మా, నేనూ పెంపుడు కొడుకునే. నాకు పదిహేనో ఏట ఒక పెళ్ళి భోజనాల దగ్గర, తాగిన మామయ్య నోటి నుంచి తెలిసింది. "ఒరేయ్, నిన్ను తెచ్చాకే మా అక్కకి ఇల్లు కలిసొచ్చిందిరా" అన్నాడు. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి అమ్మని అడగలేదు. అడిగితే ఏడుస్తుందని తెలుసు.

నీకు చెప్పాల్సింది ఒకటే. ఆ రోజుల్లో నాకు అమ్మ మీద కోపం లేదు. నాలాంటి ముక్కు, నాలాంటి చెవులు ఉన్న ఒక్క మనిషిని చూడాలనిపించింది, అంతే. పత్రంలో చిరునామా చదివి ఆ ఊరు వెళ్ళాను. బస్టాండులో దిగి రెండు గంటలు అక్కడే కూర్చుని తిరిగొచ్చేశాను. మీ వాడికి నాకంటే ధైర్యం ఎక్కువేమో. పత్రంలో కన్నతండ్రిది ఏ ఊరో చూడు.

ఇంకోటి, ఇది నీ గురించి. వాడు వెళ్ళిపోయింది నీ వల్ల కాదు. నువ్వు వాళ్ళ కడుపున పుట్టావు, వాడు పుట్టలేదు అని ఇప్పుడు లెక్కలేసుకుంటూ ఉంటావు. ఆపేయ్. పిన్ని కొడుకైనా వరసకు అన్నే కదా.

చెల్లి_16 (మంగళవారం, రాత్రి 10:55)

నల్లకోటు అక్కా, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. రెండిళ్ళవాడు అన్నా, మీ పోస్టు మాత్రం బాత్రూమ్‌లో కూర్చుని చదువుకున్నాను.

అమ్మ మొత్తం చెప్పేసింది. పిన్ని చనిపోలేదు. కువైట్‌లో ఇళ్ళలో పని చేస్తోంది. వేరే కులం అబ్బాయిని పెళ్ళి చేసుకుందని తాతయ్య బతికుండగానే ఆమెకు నీళ్ళొదిలేశారు. "మాకు చిన్నమ్మాయి లేదు" అని ఊరందరికీ చెప్పేశారు. తర్వాత ఏడాదికే బాబాయి లారీ యాక్సిడెంట్‌లో పోయారు. పిన్ని ఆరు నెలల పిల్లాడితో రాత్రిపూట మా ఇంటికి వచ్చింది. అమ్మకి అప్పటికి పెళ్ళై ఆరేళ్ళు, పిల్లల్లేరు. "పెంచుకుంటే నీ కడుపూ పండుతుంది" అని మా నాయనమ్మే ముందు ఒప్పుకుందట. నిజంగానే మరుసటి ఏడాది నేను పుట్టాను. ఈ ముక్క వినగానే నాకు ఒళ్ళంతా ఏదోలా అయిపోయింది. అన్న కూడా ఇది విని ఉంటే? నన్ను తేవడానికి వాడిని తెచ్చారని అనుకుని ఉంటే?

పిన్ని ఇన్నేళ్ళూ అన్న పేరు మీద డబ్బు పంపుతోంది. అమ్మ పోస్టాఫీసులో వేసింది. పాస్‌బుక్ చూపించింది. శుక్రవారాలు రాత్రి డాబా మీదికి వెళ్ళి అమ్మ ఎవరితోనో ఇమో యాప్‌లో మాట్లాడేది. నాన్నకి వినపడకుండా ఫ్రెండ్‌తో కబుర్లు చెప్పుకుంటోందనుకునేదాన్ని. నాన్నకి అన్నీ తెలుసట! నాకు ఒక్కదానికే తెలియదు.

అన్న బీరువా ఎందుకు తీశాడో కూడా తెలిసింది. జేఈఈ అప్లికేషన్‌కి ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచేయించాలని బర్త్ సర్టిఫికెట్ కోసం తీశాడట. అమ్మ ఆ టైములో గుడిలో ఉంది.

సాల్మియా_డ్రైవర్ (మంగళవారం, రాత్రి 11:40)

అమ్మా, నేను కువైట్‌లో డ్రైవర్ని, మాది రాజోలు. మీ పిన్ని ఖాదిం వీసా (ఇంటిపని వాళ్ళకిచ్చేది) మీద వచ్చి ఉంటుంది. ఒక మాట తెలుసుకో. 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళను ఇంటిపనికి పంపకూడదని రూలు ఉండటంతో ఏజెంట్లు వయసు పెంచి పాస్‌పోర్టు చేయించేవారు. కొందరికి పేరు కూడా మారిపోయింది. కాబట్టి ఎంబసీకి రాయాల్సి వస్తే దత్తత పత్రంలో పేరుతో కాదు, ఆమె పాస్‌పోర్టులో, సివిల్ ఐడీలో (ఇక్కడి గుర్తింపు కార్డు) ఉన్న పేరుతో రాయాలి.

అంతకంటే ముఖ్యం, మీ అన్న ఆమెకు ఫోన్ చేశాడేమో అడగండి. చేసి ఉంటే ఆమె మీ అమ్మకి చెప్పడానికి భయపడుతూ ఉండొచ్చు. ఇక్కడ మేడమ్ ఫోన్ తీసేసుకుంటే రోజుల తరబడి చూసుకోడానికి ఉండదు. తిట్టకుండా అడగండి.

ఎదురుచూపు (బుధవారం, ఉదయం 7:00)

నేను ఈ వేదికలో ఎప్పుడూ రాయను, చదువుతాను. మా తమ్ముడు 2011లో ఇంట్లోంచి వెళ్ళాడు. ఇప్పటికీ తెలియదు. ఏడేళ్ళు కబురు లేకపోతే చనిపోయినట్టు కోర్టులో రాయించుకోవచ్చని ఒకాయన సలహా ఇచ్చాడు. అమ్మ ఆయన మొహం మీదే తలుపు వేసింది.

చెల్లీ, నీకు పనికొచ్చేవి రెండు చెబుతాను. వాట్సాప్‌లో పోస్టర్ పెట్టేటప్పుడు నాన్న నంబరు పెట్టొద్దు, స్టేషన్ నంబరు పెట్టండి. మా నంబరు పెట్టాం. "మీవాడు మా దగ్గరున్నాడు, టికెట్‌కి అయిదు వేలు పంపండి" అని ఎన్నో ఫోన్లు వచ్చాయి. మొదటి రెండుసార్లు పంపాం కూడా. పోస్టర్‌లో అన్న ఒంటి మీది గుర్తుల్లో ఒకటి రాయకుండా దాచుకోండి. ఎవరైనా ఫోన్ చేస్తే అది అడగండి. చెప్పలేకపోతే మోసం.

రెండోది, ఇంట్లో అందరూ వాడి గురించే ఏడుస్తుంటే నిన్ను ఎవరూ చూడరు. నేను డిగ్రీ ఫెయిలయ్యానని మా ఇంట్లో ఆరు నెలలకు తెలిసింది. కాలేజీకి వెళ్ళు. వెళ్ళబుద్ధి కాకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

అట్లాంటా_నర్సు (బుధవారం, ఉదయం 9:30)

ఎదురుచూపు గారూ, మీ పోస్టు చదివాక లేవలేకపోయాను. మనిషి పోయాడో ఉన్నాడో తెలియని దుఃఖం గురించి ఇక్కడ పాలిన్ బాస్ అనే ఆవిడ దశాబ్దాలుగా పరిశోధించారు. చనిపోయిన వాళ్ళ కోసం ఏడవడానికి మనకి ఒక పద్ధతి ఉంది. పదో రోజు, సంవత్సరీకం, అందరూ వచ్చి కూర్చోవడం. ఇలాంటి వాళ్ళ ఇంటికి ఎవరూ రారు, ఏమనాలో తెలియక. చెల్లీ, మీ చుట్టాలు మొహం చాటేస్తే అది నీ మీద చిన్నచూపు అనుకోకు.

భీమవరం_పెద్దాయన (బుధవారం, ఉదయం 10:00)

చెప్పండి, పోలీసులకి చెప్పండి. కానీ ఆడపిల్ల ఒక్కతీ స్టేషన్‌కి వెళ్ళకూడదు. తండ్రిని తీసుకెళ్ళమనండి.

ఇంటర్_లెక్చరర్ (బుధవారం, మధ్యాహ్నం 12:20)

హాస్టల్లో ఔట్‌పాస్ రిజిస్టరు, రూమ్మేట్ల మాటలు అడిగారా? మా దగ్గర పిల్లలు ఇంట్లో చెప్పనివి రూమ్మేట్‌కే చెబుతారు. ప్రిన్సిపాల్ దగ్గరికి కాదు, రూమ్‌కి వెళ్ళి కూర్చుని అడగాలి.

చెల్లి_16 (గురువారం, రాత్రి 9:15)

చాలా జరిగింది. వరసగా రాస్తాను.

నిన్న సాయంత్రం అమ్మ తనంతట తనే నాన్నతో "పదండి" అంది. నేనూ వెళ్ళాను. అమ్మ ఎస్సై గారి ముందు పత్రం పెట్టింది. మహిళా కానిస్టేబుల్ అక్క మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చోబెట్టింది. ఎస్సై గారు కోప్పడతారనుకున్నాం. "ఇది మొదటిరోజే ఇచ్చి ఉంటే బాగుండేదమ్మా" అని మాత్రం అన్నారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఇప్పుడు మా దగ్గర ఉంది. అమ్మ చెప్పింది అదనంగా రాసుకున్నారు.

రాత్రి పిన్నితో మాట్లాడాం. నేనే మాట్లాడాను, అమ్మకి గొంతు రాలేదు. ఆమె గొంతు అచ్చం అమ్మ గొంతులానే ఉంది. "వాడు చేశాడమ్మా" అని చెప్పింది. దసరా అయిన మూడో రోజున కొత్త నంబర్ నుంచి ఇమో కాల్. పిన్ని నంబరు అమ్మ ఫోన్‌లోంచే తీసుకున్నాడట. "నన్ను ఎందుకిచ్చేశావు" అని అడగలేదట. "మా నాన్న ఎలా ఉండేవాడు" అని అడిగాడట. బాబాయిది తుని దగ్గర పల్లెటూరు. ఎవరికీ చెప్పొద్దని అన్న ఒట్టు వేయించుకున్నాడు.

ఆ నంబరు పోలీసులకు ఇచ్చాం. అది బాబాయి అన్నగారి కొడుకుది. అన్న అక్కడికి వెళ్ళాడు. అక్కడి నాయనమ్మ ఎప్పుడో పోయిందట. రెండు రోజులు పెట్టుకుని, మూడో రోజు పెద్దనాన్న చేతిలో రెండు వందలు పెట్టి "మాకూ పిల్లలున్నారు నాయనా" అని బస్టాండ్‌లో దింపేశారట. వైజాగ్ వెళ్ళి పని చూసుకుంటానన్నాడట.

రిటైర్డ్_హెచ్‌సీ (గురువారం, రాత్రి 9:50)

వైజాగ్ అయితే రైల్వే స్టేషన్ ముందు చూస్తారు. ఒంటరిగా ప్లాట్‌ఫాం మీద తిరిగే పిల్లలను ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు ఆపి అడుగుతారు, బాలల సంక్షేమ కమిటీకి అప్పగిస్తారు. కమిటీ వాళ్ళు హోమ్‌లో పెడతారు. ఎస్సై గారికి రెండు ఇంటిపేర్లూ ఇచ్చి విశాఖ హోమ్‌ల జాబితా చూడమని అడుగు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి మీరు కూడా ఫోన్ చేయండి. నాలుగు నెలల్లో దొరక్కపోతే కేసు మనుషుల అక్రమ రవాణా విభాగానికి వెళ్తుంది. మీకు అంతదాకా అక్కర్లేదని నా నమ్మకం.

నల్లకోటు (గురువారం, రాత్రి 10:20)

పిన్నిని ఎవరూ నిందించకండి. ఒట్టు వేయించుకున్నవాడు ఆమె కడుపున పుట్టినవాడు. పదిహేడేళ్ళలో వాడు ఆమెను అడిగింది ఆ ఒక్కటే.

చెల్లి_16 (శనివారం, మధ్యాహ్నం 2:05)

దొరికాడు. విశాఖపట్నంలో హోమ్‌లో ఉన్నాడు. హెచ్‌సీ అంకుల్, మీరన్నట్టే ఆర్పీఎఫ్ వాళ్ళు స్టేషన్లో పట్టుకున్నారు. పేరు అడిగితే సొంత పేరు మార్చలేదు కానీ ఇంటిపేరు బాబాయిది చెప్పాడు. తండ్రి పేరు కూడా ఆయనదే. ఊరు తుని అన్నాడు. అందుకే మా కంప్లయింట్‌తో కలవలేదు. పత్రంలో ఇంటిపేరు చూసి మా ఎస్సై గారు ఫోన్ చేస్తే అయిదు నిమిషాల్లో చెప్పారట. ఫోటో వాట్సాప్‌లో పంపారు. జుట్టు పెరిగింది, చొక్కా ఎవరిదో.

మేం దారిలో ఉన్నాం. కమిటీ ముందు మాట్లాడాలట. అన్న ముందు నన్ను ఒక్కదాన్నే చూస్తానన్నాడు.

గోదారిగట్టు (శనివారం, మధ్యాహ్నం 2:09)

అమ్మయ్య!!!

నల్లకోటు (శనివారం, మధ్యాహ్నం 2:30)

కమిటీ వాళ్ళు అబ్బాయితో విడిగా మాట్లాడతారు, మీరు కంగారు పడొద్దు. ఎఫ్‌ఐఆర్ కాపీ, దత్తత పత్రం, అమ్మానాన్నల ఆధార్ తీసుకెళ్ళండి. ఆర్డరు కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. "ఎందుకెళ్ళావు" అని ఎవరూ అక్కడ గట్టిగా అడగొద్దు, ముఖ్యంగా నాన్నగారు.

చెల్లి_16 (ఆదివారం, రాత్రి 8:40)

ఇంట్లో ఉన్నాం, నలుగురం. అన్న పెద్దగా మాట్లాడట్లేదు. హోమ్‌లో నన్ను చూడగానే "ఫిజిక్స్ రికార్డు రాశావా" అని అడిగాడు. నేను కొట్టాను వాడిని, నిజంగానే. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

కడుపు పండటం సంగతి వాడికి ముందే తెలుసట, ఏడో తరగతిలోనే నాయనమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాడట. అర్థం కాలేదు, పత్రం చూశాక అర్థమైంది. "నువ్వు రావడానికి నేను అడ్వాన్స్‌నా" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. అమ్మ వంటింట్లోంచి విన్నది, ఏమీ అనలేదు.

స్టేషన్‌లో కేసు ముగించడానికి రేపు మళ్ళీ వెళ్ళాలి. పోస్టర్లు ఇంకా గ్రూపుల్లో తిరుగుతున్నాయి, వాటినేం చేయాలి? అన్నకి పిన్నిని వీడియోలో చూడాలని ఉంది. అమ్మ "చూపిద్దాం" అంటూనే ఫోన్ కొంగులో దాచుకుంటోంది.

ఎదురుచూపు (ఆదివారం, రాత్రి 9:10)

చాలా సంతోషం చెల్లీ. పాత పోస్టర్ మీదే "దొరికాడు, ఇక షేర్ చేయకండి" అని పెద్ద అక్షరాలతో రాసి, ఫోటో మసకచేసి అవే గ్రూపుల్లో పెట్టండి. పెట్టకపోతే రెండేళ్ళ తర్వాత కూడా ఎవరో వాడిని బస్సులో గుర్తుపట్టి పోలీసుల్ని పిలుస్తారు.

రెండిళ్ళవాడు (ఆదివారం, రాత్రి 9:45)

మొదటిసారి అమ్మను పక్కనే కూర్చోమనండి. ఆవిడ లేకుండా చూపిస్తే ఆవిడ భయం పెరుగుతుంది, వాడికి దొంగతనం చేసినట్టుంటుంది. మాటలు రాకపోయినా పర్వాలేదు. నేను మా వాళ్ళతో మొదటి కాల్‌లో వాళ్ళ ఊళ్ళో వానల గురించే మాట్లాడాను.

సాల్మియా_డ్రైవర్ (ఆదివారం, రాత్రి 10:15)

శుక్రవారం ఆమెకు సెలవు దొరుకుతుందేమో కనుక్కోండి. ఇక్కడ సాయంత్రం 5 అంటే మీకు ఏడున్నర. నెట్ బాగా రాకపోతే వీడియో ఆగిపోతూ ఉంటుంది, కంగారు పడి పెట్టేయకండి, మళ్ళీ వస్తుంది.